జర్మనీని మార్చి మార్చి చూసిన మాస్టారు

మా పక్కింటి చరిత్ర మాస్టారు పోయిన నెల మార్కాపురం ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఆ ఆట గుర్తుండే ఉంటుంది. జరిగిన చరిత్రలో ఒక్క సంగతి మార్చి, తర్వాత ఏమయ్యేదో చెప్పాలి. రిటైరయ్యాక ఆ ఆటకు నేనొక్కదాన్నే మిగిలాను. ఆయన మార్చేది కూడా ఒక్క దేశాన్నే. జర్మనీ నూరేళ్లకు ముందే ఆఫ్రికాలో వలసరాజ్యాలు పెట్టింది. అక్కడ నైరుతి మూలన హెరెరోలనే పశువుల కాపరులు తిరగబడితే, సైన్యం వాళ్లను మందలతో సహా ఎడారిలోకి తరిమి నీటి చెలమల దగ్గర కాపలా పెట్టింది. వేలమంది దాహంతో చచ్చిపోయారు. మాస్టారుకు అది పుస్తకంలో సంగతి కాదు. అర్ధవీడు దగ్గర పశువులు కాసే ఇంట్లో పుట్టారు. ఒక కరువు ఏడాది వాళ్ల నాయన మందను నల్లమలకు తోలితే, వాగులో ఇసుక తవ్వి, చెలమలో నీళ్లు ఊరేదాకా కాచుకున్న పిల్లవాడాయన. ఆ హెరెరోలు నీళ్లు చేరుకునే చరిత్ర ఒక్కటైనా ఉండాలని ఆయన పట్టుదల.

నేను లెక్కల టీచర్ని, వయసులో ఆయనకంటే పెద్దదాన్ని. "ఒక్కటే మార్చాలి మాస్టారూ. రెండు మారిస్తే అది పుక్కిటి పురాణం" అనేదాన్ని.

సాయంత్రం కళ్లజోడు నుదుటికి ఎక్కించుకుని మా అరుగు మీదికి వచ్చేవారు.

"అక్కా, జర్మనీవాళ్లు అసలు ఓడలే ఎక్కలేదనుకో."

"ఖాళీ చోటును ఇంగ్లీషువాళ్లు వదులుతారా? కర్నూలు నవాబును వదిలినారా?"

కొన్నాళ్లకు ఇంకోటి తెచ్చేవారు. "సైన్యం లేదక్కా. ఒట్టి వ్యాపార కంపెనీ పోయింది."

"కంపెనీ సంగతి మనకు చెబుతావా నాయనా? ముందు తక్కెడ దిగుతాది, ఎనకాలే తుపాకి దిగుతాది."

"జర్మనీ రాజు కైజరే చెలమలు ముట్టుకోవద్దని ఆజ్ఞ ఇచ్చినాడు."

"ఆజ్ఞ బెర్లిన్‌లో ఇచ్చినాడు. చెలమ యాడుంది?"

"నీ పరీక్ష పాసయ్యేదానికంటే కైజరును ఒప్పించేది సులువక్కా!" అని తొడ చరుచుకుని నవ్వేవారు. ఓడిపోయినందుకు ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. "ఒక దోవ మూసుకుంది, అంతే. ఇంకో దోవ చూడాల" అనేవారు. నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ మాట పనికొచ్చింది.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆయన గొంతు సన్నబడిపోయింది. నేను కూర్చోకముందే మొదలుపెట్టారు.

"ఇన్నేండ్లూ బెర్లిన్‌లోనే ఎతికినా అక్కా. చెలమ కాడ చూడలే. ఆడ కాపలా ఉన్న సిపాయి ఒకడు పక్కకు జరిగినాడనుకో."

"ఒక్కటే మార్చినావు, సరే. వాణ్ని కాల్చరా?"

"కాలుస్తారు. పైఅధికారి వచ్చేలోపల ఎన్ని ఆవులు తాగుతాయో చెప్పు. ఆ లెక్క నీదే."

కనుక్కుని వస్తానన్నాను. మళ్లీ వెళ్లేలోపే ఆయన పోయారు. దినానికి అర్ధవీడు నుంచి ఆయన తమ్ముడు వచ్చాడు. ఇప్పటికీ పశువులే అతని జీవనం. దప్పిగొన్న ఆవు ఎంతసేపు తాగుతుందని అడిగాను.

"తలెత్తేదాకా తాగుతాది. దానికి లెక్కేంది అక్కా?" అన్నాడు.

ఆ చెలమ ఇప్పుడు నాకు కనిపిస్తోంది. దూరంగా పైఅధికారి గుర్రం రేపే దుమ్ము లేస్తోంది. సిపాయి పక్కకు జరిగి నిలబడ్డాడు. ఒక ఎర్రావు నీళ్లలో మూతి పెట్టింది. ఇంకా తల ఎత్తలేదు.