దేవదారు అడవిలో ఒక చలికాలం

మా పెద్దబాపు పోయిండని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. సూరత్ నవాగామ్‌ల ఆయన పక్కగదిల ఉండేటాయన చేసిండు. "తలుపు ఎంత కొట్టినా తీయలే. వినపడలేదేమో అనుకున్నం," అన్నడు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. పెండ్లి చేసుకోలే. సూరత్‌ల బట్ట నేసే సాంచల మోతల నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నడు. ఎవరన్నా మాట్లాడితే పెదవుల దిక్కు చూసి నవ్వేటోడు. అడిగిందొకటైతే చెప్పేదొకటి. మెల్లమెల్లగ అందరూ ఆయనతోని మాట్లాడుడు తగ్గించిన్రు.

వయసుల ఉన్నప్పుడు కూలీలతోని హిమాలయాలకు రోడ్డు పనికి పోయిండట. మంచు పడంగనే అందరూ కిందికి దిగిన్రు. సామాను కావలికి ఆయనొక్కన్నే ఉంచిన్రు. చుట్టూ దేవదారు అడవి. ఆ చలికాలమంత పిట్టలే తోడు. ఒక పిట్ట చెట్టు మొద్దు మీద తలకిందులుగ నడుచుకుంట దిగేదట. ఇంకోదాని ముక్కు కొసలు కత్తెర లెక్క ఒకదాన్నొకటి దాటి ఉండేవట. దాంతోనే కాయల పొరలు విప్పి గింజలు తీసుకునేదట.

నా చిన్నప్పుడు ఆయనకు ఇంకా జర వినపడేది. "వాటి పేర్లేంది పెద్దబాపూ?" అని అడిగిన.

"ఎవరు చెప్తరు బిడ్డా? అడుగుదామంటే ఆడ మనిషే లేకపాయె."

ఆయన చెప్పకపోతే అసొంటి అడవి ఒకటుంటదని నాకు తెల్వకపోతుండె.

పోయినేడు ఆయనకు చెవి మిషన్ కొనిచ్చిన. పెట్టుకోంగనే పక్క కార్ఖానా మోత మీదపడ్డది. గుంజి తీసేసిండు. "గీ మోత వినేటందుకా బిడ్డా?" అన్నడు.

ఆ ఆదివారం డుమస్ బీచ్‌కు తీస్కపోయిన. నేను టమాటా భజియాలు కొనుక్కొచ్చేసరికి, సముద్రం ఒడ్డున సర్వి చెట్ల కింద మిషన్ పెట్టుకొని నిలబడ్డడు. సన్నటి ఆకులల్ల గాలి హోరుమంటున్నది.

"గాడ చెట్లు గిట్లనే మోగేవి," అన్నడు. "పొద్దుగాల ఈల వేస్తుంటి. ఒక పిట్ట రోజూ బదులు పలికేది. గాడ నేనొకన్ని ఉన్నని దానికొక్కదానికే ఎరుక."

పెదవులు తడుపుకొని ఈల వేసిండు. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపిండు. కాగితంల భజియాలు చల్లారిపోతున్నయి. ఆయన కొమ్మల దిక్కు తలెత్తి, కదలకుంట, చెవి ఒగ్గి నిలబడ్డడు.