కళ్లంలో కారు

ఒంగోలులో ఉన్న మా అమ్మాయికి పాప పుట్టింది. ఆ పాపను మొదటిసారి చూడటానికి పొద్దున్నే కొత్త చీర కట్టుకుని కూర్చున్నాను. బయలుదేరే ముందు మా ఆయన మా పాత కారు బానెట్ ఎత్తి, ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగారు. గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి పెట్టి తీశారు. ఆయిల్ పుల్ల మీదున్న రెండు గీతల్లో కింది గీత దాకా కూడా రాలేదు.

"ఇవాళ ప్రయాణం లేదు. మెకానిక్ రావాల్సిందే" అన్నారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు చూశాను, కారు మా ఇంటి ముందు వాలు మీద ముక్కు పైకెత్తి ఉంది.

"ఏమండీ, వాలులో ఉంటే ఆయిల్ ఒక పక్కకి పోదా? చదునుగా ఉన్న చోట చూడండి."

"ఈ వీధిలో చదును ఎక్కడుందే?"

"మన కళ్లం లేదూ!"

మిరపకాయలు ఆరబోయడానికి నీళ్లు చల్లి, రోలర్ తిప్పించి చదును చేసుకున్న నేల అది. కాయలు పక్కకి నెట్టి కారుకు చోటు చేశాం. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఒకటే నవ్వు.

"ఏం వదినా, కారును కూడా ఎండబెడతావా?"

"ఎండాక గుంటూరు మిర్చి యార్డుకి తోలతాం!" అన్నాను.

ఇంజన్ ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా కాసేపు ఆగాం. మిరప ఘాటుకి తుమ్ముతూనే మా ఆయన పుల్ల తుడిచి, మళ్లీ పెట్టి తీశారు. ఆయిల్ రెండు గీతల మధ్యన నిగనిగలాడుతోంది.

"ఎక్కు అమ్మమ్మా, ఇంకా ఏం చూస్తున్నావ్?" అన్నారు.

నన్ను ఆ పిలుపుతో పిలిచిన మొదటి మనిషి ఆయనే.