రెడ్డెయ్య మాస్టర్ వేయని బటన్లు

ప్రెస్ బటన్ పడినప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. కువైట్‌లో అబ్బాసియాలోని మా కుట్టు షాపులో ఏడు మిషన్లు ఒక్కసారిగా తిరుగుతున్నా ఆ టిక్కు నాకు వినబడుతుంది. నిన్న ఉదయం ఒక కిమోనోకు ఆఖరి బటన్ నొక్కాను. కిమోనో అంటే జపాన్ వాళ్ల నిలువు అంగీ. ముందువైపు రెండు పొరలను ఒకదాని మీద ఒకటి వేసి, నడుముకు వెడల్పాటి పట్టీ కడతారు. ఎడమ పొర పైకి వచ్చిందా అని చూశాను. వచ్చింది. మళ్లీ చూశాను. బల్ల దగ్గర్నుంచి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మూడోసారి చూశాను. ఏడేళ్లుగా ఇదే తంతు. నాకు చాదస్తమని మిషన్ల మీదివాళ్లు నవ్వుకుంటారు. చాదస్తమైతే ఎంత బాగుండేది. ఇది సిగ్గు.

నేను ఈ షాపులో చేరేనాటికి కత్తెర బల్ల రెడ్డెయ్య మాస్టర్‌ది. కుట్టేవాళ్లు ఎంతమంది ఉన్నా గుడ్డ కోసేవాడు ఒక్కడే, అతన్నే మాస్టర్ అంటారు. ఆయనది రాయచోటి పక్కన పల్లె, నాదీ ఆ వైపే. పొట్టి మనిషి, యాభై దాటాయి, మెడలో టేపు లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు. మాకు వచ్చే పనంతా జాకెట్లు, స్కూలు బట్టలు. అలాంటి షాపుకు ఒకరోజు నూర్ అనే కువైటీ అమ్మాయి వచ్చింది. అప్పట్లో కాలేజీలో చదువుతుండేది, ఇల్లు సబా అల్ సలేంలో. వాళ్లింట్లో పనిచేసే రాజంపేట ఆమె మా షాపు సంగతి చెప్పి వెంటబెట్టుకొచ్చింది. నూర్ ఫోనులో జపాన్ కార్టూన్ బొమ్మ ఒకటి చూపించింది. ఆ బొమ్మ వేసుకున్న బట్టలే తనకు కావాలట. తనలాంటి వాళ్లంతా ఏడాదికోసారి అలా వేషాలు వేసుకుని ఒక హాల్లో కలుస్తారట. అప్పటికే రెండు పెద్ద షాపులవాళ్లు నవ్వి పంపించారు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. మాస్టర్ మాత్రం ఫోను అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి తోసి, ఆ కార్టూన్‌ను ఆపి ఆపి చూశాడు.

"బొమ్మ గీసినోడు కుట్టు యాడుండాదో తెలిసే గీసినాడురా శీనా. భుజంకాడ మడత సూడు, యెట్ల పడిందో. ఊరికే గీస్తే అట్ల పడదు" అన్నాడు.

ఆ రోజుతో ఆయనకు అదొక లోకమైపోయింది. నూర్ తన స్నేహితురాళ్లను తెచ్చింది. కొరియా పాటగాళ్లు వేసుకునే పొట్టి కోట్లు, గుడ్డనే ముడివేసి బటన్లుగా కుట్టే చైనా కాలర్లు, జపాన్ బొమ్మల కథల్లోని రకరకాల వేషాలు మా షాపులో జాకెట్ల పక్కన వేలాడసాగాయి. ప్రతిదానికీ ఆయన ఒక రూళ్ల నోటుబుక్కులో బొమ్మ గీసి, కొలత వేసి, పక్కన వంకర టింకర తెలుగులో రెండు మాటలు రాసుకునేవాడు. పదో తరగతి తప్పిన మనిషి జపాన్ పిల్లలతో సమానంగా ఆ బొమ్మల పేర్లు చెబుతుంటే మాకు నవ్వొచ్చేది. ముసలాయనకు పిల్లచేష్టలు పట్టుకున్నాయని నేను వెనకాల ఆటపట్టించేవాణ్ణి. ఒక మధ్యాహ్నం కిమోనో ఎలా కోస్తారో కనిపెట్టి నన్ను కేకేసి పిలిచాడు. బల్ల మీద పరిచినవన్నీ నిలువు ముక్కలే. చంక దగ్గర గుండ్రం లేదు, పారేయడానికి పీలిక లేదు.

"మన చీరకు సుట్టమురా ఇది. కుట్లు ఇప్పదీస్తే మళ్లా గుడ్డ తానైపోతాది. కత్తెర పెట్టకముందు ఎంత ఆలోచించినారో సూడు వాళ్లు" అన్నాడు. ఆ ముక్కలను ఒక్కొక్కటిగా అరచేత్తో సాపు చేశాడు. ఒక పనిని అంత గౌరవంగా చూడటం నేను అంతకు ముందు ఎరగను.

ఆ ఏడాది వేడుకకు నూర్ కిమోనోనే కావాలంది. జపాన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చి వేషాలను చూసి బహుమతి ఇస్తుందట. పట్టీలు, ముడులు తనకు చేతకావు గనుక ముందు పొరలకు ప్రెస్ బటన్లు పెట్టమంది. మాస్టర్ రెండు వారాలు దాని మీదే ఉన్నాడు. చివరి రోజు ఆయన ఇఖామా కోసం, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు కోసం, మెడికల్ పరీక్షకు వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ, బటన్ల పని ఒక్కటే మిగిలిందని, నోటుబుక్కు బల్ల మీదే పెట్టానని, చూసి పెట్టమని చెప్పాడు. నేను చూడలేదు. పన్నెండేళ్లు జాకెట్లు కుట్టినవాణ్ణి, బటన్లు పెట్టడానికి పుస్తకం చూడాలా? మగవాళ్ల చొక్కాకు ఎడమ పైకి, ఆడవాళ్ల జాకెట్‌కు కుడి పైకి. మిషన్ ఎక్కిన మొదటి నెలలో ప్రతి దర్జీకీ నూరిపోసే పాఠం ఇది. ఆడపిల్ల బట్ట గదా అని కుడి పొర పైకి వచ్చేలా బటన్లు పెట్టేశాను. నూర్ డ్రైవరు వచ్చి పట్టుకెళ్లాడు.

వేడుకకు మా ఇద్దరినీ రమ్మంది. మాస్టర్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. వెనక వరుసలో కూర్చున్నాం. నూర్ వేదిక మీదికి రాగానే ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది.

"కుడి పైనేసినావేందిరా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

జపాన్ పెద్దావిడ నూర్ దగ్గరికి వచ్చింది. చిరునవ్వుతోనే ఆ పొరను తీసి ఎడమది పైకి వేయబోయింది. బటన్లు ఊడి రాలేదు. నేను గట్టిగా పెట్టాను మరి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని మెల్లగా ఏదో చెప్పింది. ఆ మాట క్షణాల్లో హాలంతా పాకింది. జపాన్‌లో ఆడైనా మగైనా ఎడమ పొరే పైకి వేస్తారట, కుడి పైకి వేసేది పాడె మీది శవానికట. నూర్ మొహం చేతుల్లో దాచుకుని వేదిక దిగింది. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందని మా అమ్మ అనేది. అన్నీ తెలిసినవాణ్ణి నేను, శవం బట్ట వేసుకున్నది ఆ పిల్ల.

మర్నాడు నూర్ వాళ్లమ్మ షాపుకు వచ్చింది. తన కూతురికి బతికుండగానే శవం గుడ్డ తొడిగించారని అరిచింది. మా ముదీర్, అంటే షాపు మేనేజరు, బటన్లు ఎవరు పెట్టారని అడిగాడు. నా ఇఖామా ఈ షాపు పేరుకు మారే కాగితాలు ఆ వారమే ఆయన సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. ఆయన కాదంటే నేను ఊరికి పోవాల్సిందే. ఆ సంగతి నాకూ తెలుసు, మాస్టర్‌కూ తెలుసు. నేను కుక్కిన పేనులా నిలబడి, చేతిలోని సూదికి దారం ఎక్కిస్తూ ఉన్నాను. అది ముందే ఎక్కి ఉంది.

"నేనే పెట్టినా మామా. తప్పు నాదే" అన్నాడు రెడ్డెయ్య మాస్టర్, నూర్ వాళ్లమ్మ వైపు తిరిగి. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

ఆ సాయంత్రమే ఆయన్ను మా షాపు యజమానికే మహబూలాలో ఉన్న లాండ్రీకి ఇస్త్రీ పనికి పంపేశారు. కత్తెర నా చేతికి వచ్చింది. వద్దనలేదు నేను. ఆయన వెళ్లాక నోటుబుక్కు తెరిచాను. కిమోనో పేజీలో ఎడమ పొర మీద ఎర్ర పెన్నుతో బాణం గుర్తు, పక్కన "శీనా, ఎడమ పైన" అని నా పేరు పెట్టి మరీ రాసి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా మహబూలాకు పోలేదు. రేపు రేపంటూ ఏడాది గడిపాను.

చివరికి పని మీదే పోవాల్సి వచ్చింది. ఒక కిమోనోను ఆవిరి ఇస్త్రీకి తీసుకెళ్లాను. ఆయన చిక్కిపోయాడు, ముంజేతుల మీద కాలిన మచ్చలు. నన్ను చూసి మామూలుగానే నవ్వాడు. బట్ట విప్పి, ముందు పొరలు చూసి, ఒక్కో బటన్ మీదా వేలు వేసి నొక్కాడు.

"ఎడమ పైనేసినావు. బాగుండాది" అన్నాడు.

క్షమించన్నా అనాలని నోరు తెరిచాను. ఎంతసేపట్లో అవుతుందని అడిగాను. ఆయన ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చాడు. నేను తీసుకుని వచ్చేశాను. మూడు నెలలకు ఆయన ఖలాస్ పెట్టుకుని, అంటే వీసా రద్దు చేయించుకుని, ఊరికి వెళ్లిపోయాడని విన్నాను. ఆయన ఫోను నంబరు నా దగ్గర ఉంది. ఇంతవరకు చేయలేదు.

నిన్న నేను బటన్లు పెట్టిన కిమోనో నూర్‌దే. మాస్టర్‌ను పంపేశాక వాళ్లమ్మ కోపం చల్లారి, ఆమె మళ్లీ మా షాపుకే వస్తోంది. ఆమె ఇప్పుడు జపాన్, కొరియా బట్టల తీరు మీద ఒక ప్రదర్శన పెడుతోంది. పక్కన పెట్టే చీటీ మీద కుట్టినవారి పేరు, నేర్పినవారి పేరు ఉండాలంది. ఇంతకాలం ఎవరడిగినా నేనే చూసి నేర్చుకున్నానని చెప్పుకుని తిరిగాను. నిన్న మాత్రం రెడ్డెయ్య మాస్టర్ పేరు రాసి పంపాను. శవం గుడ్డ కుట్టినాయన పేరా అని అడిగింది. అప్పుడు చెప్పాను, ఆ బటన్లు పెట్టింది ఆయన కాదు, నేనని. ఆ రోజే ఎందుకు చెప్పలేదని తిరిగి రాసింది.

ఆ ప్రశ్న మాస్టర్ అడిగి ఉంటే బాగుండేది. మహబూలాకు వెళ్లిన ఆ సాయంత్రం గానీ, లాండ్రీలో బటన్లు నొక్కి చూసినప్పుడు గానీ అడిగి ఉంటే, ఏదో ఒక అబద్ధం చెప్పో, కాళ్ల మీద పడో తేలికయ్యేవాణ్ణి. ఆయన అడగలేదు. ఎడమ పైన వేశానా లేదా అనే చూశాడు.