ఏడు సీట్ల కారూ, భూమవ్వ చాటా

భూమవ్వ దేన్ని చూసినా కొలిచేది ఒక్కదానితోనే. అది బీడీల చాట. పన్నెండో ఏట ఒళ్ళోకి వచ్చిన చాట అరవై దాటినా దిగలేదు. తునికాకు, తంబాకు, దారం, కత్తెర అన్నీ అందులోనే. ఒళ్ళో చాట కదలకుండా నిలిస్తే ఆ చోటు మంచిది, లేకపోతే కాదు. బిడ్డ అనసూర్యకు సంబంధం చూడబోయినప్పుడు కూడా పిల్లగాడి సంగతి ఏమీ అడగలేదు. వాళ్ళ అరుగు మీద కూర్చుని ఒక కట్ట బీడీలు చుట్టి, "గాలి మంచిగొస్తుంది, ఇద్దాం" అన్నది. మొగుడి మీద కోపం వచ్చినప్పుడల్లా అనసూర్య ఇప్పటికీ ఆ అరుగునే తిడుతుంది.

అలాంటి భూమవ్వను పెద్దకొడుకు కొండల్ కోరుట్ల నుంచి కరీంనగర్ షోరూముకు తీసుకుపోయాడు. ఎర్ర కారు, ఏడు సీట్లు. పందెంకోడిలా ముందుకు వంగి నిలబడి ఉంది. కొండల్ దాని మీద ఎప్పుడో మనసు పారేసుకున్నాడు. కానీ అతని భార్య రమ, అత్తమ్మ మోకాళ్ళు ఒప్పుకుంటేనే కారు అని తేల్చి చెప్పింది.

భూమవ్వకూ కారుతో అవసరముంది. చిన్నకొడుకు కరుణాకర్ మస్కట్ పోయి ఆరేళ్ళు. రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. రెండుసార్లూ కిరాయి కారు నిండిపోయి, "నువ్వు ఇంటికాడ ఉండు అవ్వా, దిష్టి తియ్యాలె గదా" అని ఆమెను గడప దగ్గరే ఉంచేశారు. విమానాశ్రయం గేటులోంచి కొడుకు నడిచొస్తుంటే ఒక్కసారైనా చూడాలని ఆమె ఆశ. ఇంకో పదిహేను రోజుల్లో వాడు మళ్ళీ వస్తున్నాడు.

షోరూములో పనిచేసే సాగర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. భూమవ్వ సంచిలోంచి చాట తీసింది.

"గదేంది సార్?" అన్నాడు సాగర్ బిత్తరపోయి.

"మా అవ్వ కొలబద్ద," అన్నాడు కొండల్ నేల చూపులు చూస్తూ.

నడుమ వరుసలో చాట చక్కగా కుదిరింది. మోచేతులు బాగానే ఆడాయి. "గాలి జర తగ్గియ్యి బిడ్డా, తంబాకు లేస్తుంది," అన్నది భూమవ్వ. సాగర్ ఏసీ తగ్గించాడు. కొండల్ మాత్రం ఆగలేక స్టీరింగు పక్కనున్న బటన్ నొక్కాడు. ఇంజను గుర్రుమన్నది.

"స్పోర్ట్ మోడ్ అవ్వా! బాణం లెక్క పోతది!"

"గది నొక్కితె ఎనుక సీటు పెద్దగైతదా కొడుకా?"

"కాదు."

"మరెందుకు?"

సాగర్ గబగబా నడుమ సీటు మడిచి, వెనక వరుసకు దారి చూపించాడు.

ఆ వెనక సీటులోకి పోవడానికి భూమవ్వ నడుము వంచి, ఒక కాలు పెట్టి, "అయ్యో" అని, రెండో కాలు లాక్కున్నది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. చాట ఒళ్ళో నిలవక ముఖానికి అడ్డంగా లేచి నిలబడింది. కష్టపడి దిగి, డిక్కీ తీయించి చూసింది. వెనక సీట్లు లేపితే సామాను పట్టదు. మడిస్తే మనుషులు పట్టరు. ఇరవై ఐదు బీడీలకో కట్ట కట్టే వేళ్ళు ఏదో లెక్కపెట్టుకున్నాయి.

"ఎట్లుంది అవ్వా?" అని అడిగాడు కొండల్.

బాగాలేదంటే మళ్ళీ కిరాయి కారే. కిరాయి కారంటే మళ్ళీ గడపే. చాట చెప్పింది కాదని భూమవ్వ మాట్లాడటం అదే మొదలు.

"మస్తుంది. తీస్కో."

కరుణాకర్ వచ్చే రోజు కొండల్, రమ, వాళ్ళ ముగ్గురు పిల్లలు, అనసూర్య, భూమవ్వ పొద్దున్నే బయలుదేరారు. "సూసిన్రా, ఒక్కరన్న మిగిలిన్రా?" అని కొండల్ శంషాబాద్ దాకా అంటూనే ఉన్నాడు. భూమవ్వ నడుమ వరుసలో చాట పట్టుకుని, కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం గేటులోంచి కరుణాకర్ రెండు పెద్ద అట్టపెట్టెలున్న ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు.

"అవ్వా! నువ్వొచ్చినవా!" ట్రాలీ వదిలేసి పరుగెత్తాడు. అది పోయి కొండల్ కాలికి తగిలింది. ఆ సంగతి కొండల్ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. భూమవ్వ వాడి చెంపలు తడిమి, "గింత నల్లగైనవేంది బిడ్డా?" అని చాలాసేపు వదల్లేదు.

కారు దగ్గరికి రాగానే అందరూ ఎవరి సీట్లలో వాళ్ళు ఎక్కి తలుపులు వేసుకున్నారు. కరుణాకర్ ట్రాలీతో బయటే నిలబడ్డాడు.

"నేనెక్కడ కూసోవాలె అన్నా?"

కొండల్ వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎవరిని తేవడానికి వచ్చారో అతనికి సీటు ఉండాలని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు.

"గా బటన్ నొక్కు అన్నా, సీటొస్తదేమో," అన్నది అనసూర్య.

భూమవ్వ తాపీగా దిగింది. "ఎనుక ఒక సీటు మడిచి డబ్బలు ఎక్కియ్యిన్రి. మీరు ఆరుగురు పడ్తరు. నేను, చిన్నోడు బస్సుల వస్తం."

రమ అనుమానంగా చూసింది. "అత్తమ్మా, నీకు ముందుగాల్నే ఎర్కనా?"

"షోరూంలనే లెక్కవెట్టిన."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె నన్నే దింపుదురు గదా!"

ఎయిర్‌పోర్టు బస్సులో జేబీఎస్ బస్టాండుకు చేరితే అక్కడ కోరుట్ల బస్సు దొరికింది. ఇద్దరు కూర్చునే సీటు. భూమవ్వ చాట ఒళ్ళో పెట్టి చూసింది. కదలకుండా నిలిచింది. శామీర్‌పేట దాటాక, ఎక్కడ టీకి ఆగారో ఏమో, ఎర్ర కారు హారన్ కొడుతూ బస్సును దాటిపోయింది. కొండల్ బటన్ నొక్కినట్టే ఉన్నాడు.

"నిజం చెప్పు అవ్వా, కారెట్లుంది?" అన్నాడు కరుణాకర్.

"మంచిదే కొడుకా. నీ దాంక తెచ్చింది. ఇంకేం గావాలె?"

సిద్దిపేట రాకముందే వాడు ఆమె భుజం మీద నిద్రపోయాడు. తల జారి చాట అంచుకు తగులుతోంది. భూమవ్వ చాట తీసి సీటు కింద పెట్టేసింది.