చలి అంటున్నాడని చెప్పాను

ఆస్పత్రి తూకంలో నా బరువు డెబ్బై రెండు కిలోలు. నాలుగేళ్లుగా లోపల మోస్తున్నది అందులోకి రాదు. దాన్ని తూచే యంత్రం మా దగ్గర లేదు, ఉంటే నేనే ముందుగా పాడుచేసి ఉండేవాణ్ని. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లెవరికీ ఇది చెప్పలేకపోయాను.

తిరుపతిలో ఒక ఆస్పత్రిలో, వణుకుడు జబ్బులకు వైద్యం చేసే బృందంలో నేను ఫిజియోథెరపిస్టును. పుర్రె కోయకుండా, శబ్ద తరంగాలను మెదడులో ఒక్క చుక్క మీదికి గురిపెట్టి, వణుకు పుట్టించే చోటును కాల్చేస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. మొదట తక్కువ వేడితో పరీక్షిస్తారు. ఒక్కో విడత తర్వాత నేను లోపలికి వెళ్లి, అతనిచేత చుట్టు లోపల చుట్టు గీయించి, మాట్లాడించి, అద్దం అవతల ఉన్న డాక్టర్లకు చెప్పాలి. నాలుకో పెదవో మొద్దుబారిందంటే గురి పక్కకు పోయినట్టు. కాస్త జరిపితే చాలు. జరపకుండా అసలు వేడి పెడితే పోయింది మళ్లీ రాకపోవచ్చు. ఆ గదిలో నా ఉద్యోగమంతా ఇంతే, విన్నది చెప్పడం.

పెంచలయ్య గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో వేలం కేకలు వేసేవాడు. కుడిచెయ్యి వణికి అన్నం ముద్ద నోటిదాకా చేరేది కాదు, గొంతు మాత్రం మార్కెట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేది. ఈ వైద్యానికి తల నున్నగా గొరగాలి. వైద్యం రోజు ఉదయం గుండు అయ్యాక అద్దంలో తనను చూసుకున్నాడు. తర్వాత నా బట్టతల చూశాడు. గదినిండా డాక్టర్లూ నర్సులూ ఉన్నారు.

"నాదంటే జబ్బుకు గీకినారు. మీది ఏ మొక్కుకు సార్? కొండకిచ్చినోళ్లకు మళ్లా మొలస్తాది గదబ్బా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల మీద లేనిదాని గురించి తలలో అంత పెట్టుకుంటారా ఎవరైనా? పెట్టుకున్నాను.

ఆపైన అతని గొణుగుడు మొదలైంది. తలచుట్టూ తిరిగే చల్లనీళ్లు, బిగించిన చట్రం, ఆకలి. మూడోసారి వెళ్లినప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"సార్, నాలిక మొద్దుబారినట్టుండాది. పెదిమ గూడా. డాక్టరయ్యకు సెప్పండి."

"ఊరికే ఉండప్పా, ఏమీ కాదు."

"మాటే నా కూడు సార్. సెప్పండి."

ఏమంటున్నాడని పెద్ద డాక్టరు మైకులో అడిగారు.

"ఏం లేదు సార్. చలి అంటున్నాడు."

ఎందుకన్నాను? పొద్దుటి నుంచి నిలబడి అలసిపోయాననీ, అతను ప్రతిదానికీ గొణుగుతున్నాడు గనక ఇదీ అలాంటిదే అనుకున్నాననీ ఇన్నాళ్లూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. ఆ క్షణంలో నాకు తోచింది ఒకటే. కాసేపు వీడి నోరు పడిపోతే బాగుండు. కాసేపే అనుకున్నాను. వేడికి ఆ సంగతి తెలియదు.

చెయ్యి నిలిచింది. అన్నం ముద్ద నోటికి చేరింది, నోట్లో మాట ముద్దయిపోయింది. వాపు తగ్గితే వస్తుందన్నారు. నెలలు గడిచాక, అరుదుగా ఇలా అవుతుందన్నారు. తన గురి ఎక్కడ తప్పిందోనని పెద్ద డాక్టరు ఆ స్కానింగు చిత్రాలను పదేపదే చూస్తుంటే, పక్కన నిలబడి కాఫీ తాగాను.

ఏడాది తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు అతని భార్య రమణమ్మ అడిగింది.

"ఆ పొద్దు నాలిక సంగతి మీకు సెప్పినానంటాడు సార్. నిజమేనా?"

పెంచలయ్య నా మొహమే చూస్తున్నాడు.

"లోపల మిషను మోత కదమ్మా, అలా అనిపిస్తుంది. నాతో ఏమీ అనలేదు."

ఆమె భర్త వైపు తిరిగింది. "సారు మాట ఇంటివా? అంతా నీ బెమ. ఏడాదిగా సారు మీద పాపం మోపతా ఉండావు."

అతను చేతులు రెండూ జోడించి నాకు దణ్ణం పెట్టాడు. చెయ్యి వణకలేదు. క్షమించమని ఏదో అన్నాడు. అర్థం కానట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు మార్కెట్టులో కేకలు ఇంకెవరో వేస్తున్నారట. అతను కాయలు ఏరుతున్నాడు. మాట పోయినవాడికి, ఆ రోజు తాను ఆ మాట అన్నానన్న నమ్మకమైనా మిగిలింది. దాన్నీ లాక్కున్నాను. ఏది పెద్ద తప్పు? నాకు తెలియడం లేదు.

పెద్ద డాక్టరుకు చెబుతానో లేదో, నా ధైర్యం నాకు తెలుసు. మీకైతే చెప్పగలిగాను. పెంచలయ్యది భ్రమ కాదు. అతను చెప్పాడు. నేను విన్నాను.