ఏడవని బొమ్మ

పురుళ్ళమ్మ అంటే ఆ నాలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అసలు పేరు పింఛను ఆఫీసువాళ్ళకి తెలుసేమో గానీ, మిగతా లోకానికి ఆవిడ పురుళ్ళమ్మే. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసి, ఆ చుట్టుపక్కల తిరిగే సగం మందికి మొదటి స్నానం చేయించిన మనిషి. బ్యాంకులో అందరి మీదా గొంతు చేసుకునే మేనేజరుని చూసి, "వీడా? పుట్టగానే నా బట్టల మీద పోశాడు" అనేది. ఆయన కిక్కురుమనకుండా లేచి ఆవిడకి కుర్చీ వేసేవాడు. ముక్కు మీదే ఉండేది కోపం. బిడ్డ ఏడుపు వినబడేదాకా కాన్పు గదిలో ఎవరినీ నవ్వనిచ్చేది కాదు. ఆడపిల్లా, మగపిల్లాడా అని ఎవరైనా తొందరపడితే కసిరేది. "ముందు ఏడవనియ్యండి. తర్వాత ఏదైతే ఏంటి?"

ఇప్పుడు ఆవిడకి ఆ గది తప్ప ఇంకేమీ గుర్తులేదు. మొదట పొయ్యి కట్టెయ్యడం మరిచిపోయింది, తర్వాత ఇంటికి దారి, ఆ తర్వాత కన్నకూతుర్ని. కూతుర్ని "ఆయా" అని పిలుస్తోంది. "అమ్మా, నేనే, నీ కూతుర్ని" అని ఆ పిల్ల కొన్నాళ్ళు మొత్తుకుంది. ఇప్పుడు "చెప్పండి సిస్టరమ్మా" అంటోంది. అలా అన్నప్పుడల్లా లోపల ఏదో తెగుతూనే ఉంది, కానీ మాట మాత్రం అలవాటైపోయింది.

కూతురి ముద్దుపేరు పిచ్చుక. అదీ కాన్పు గదిలో పుట్టిన పేరే. పురుళ్ళమ్మకి నెలలు నిండకుండానే, డ్యూటీలో ఉండగా నొప్పులొచ్చాయి. పుట్టిన పిల్ల పిడికెడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. డాక్టరమ్మ పెదవి విరిచి పిల్లని పక్కన పెట్టేసింది. "ఇలా తెండి!" అని పురుళ్ళమ్మ మంచం మీంచే గావుకేక పెట్టి, పిల్లని తన పొట్ట మీద బోర్లా వేసుకుని, వీపు రుద్ది, అరికాళ్ళ మీద చిటికెలు కొట్టి, నోట్లో నోరు పెట్టి ఊది, చివరికి ఏడిపించింది. కిచకిచమని వచ్చిన ఆ ఏడుపుకి పెట్టిన పేరే పిచ్చుక. పిల్ల పెరిగాక పెన్సిలు పోయిందనో, పక్కింటి పిల్ల కొట్టిందనో రాగం తీస్తే తల్లి ఊరుకునేది కాదు. "అంత కష్టపడి రాబట్టిన ఏడుపే అది! ఇలాంటివాటికి తగలేస్తావా?" అనేది. పిల్ల ఆ మాట మరీ మనసుకి పట్టించుకుంది. పెళ్ళి పెటాకులై పెట్టె పట్టుకుని పుట్టింటి గుమ్మం ఎక్కిన రోజున కూడా కళ్ళు తడవలేదు.

ఇప్పుడైతే ఏడవడానికి తీరికే లేదు. పగలు చొక్కాల కార్ఖానాలో చెకింగ్ బల్ల దగ్గర పని. కుట్టు ఎక్కడ తప్పిందో కళ్ళతో చూడక్కర్లేదు, వేలు పోనిస్తే చాలు, దొరికిపోతుంది. తల్లిని లోపల ఉంచి, తాళం వేసి వెళ్ళేది. వేసిన ప్రతిసారీ తనని తాను తిట్టుకునేది.

ఒకరోజు ఆ తాళం సరిగ్గా పడలేదు. పురుళ్ళమ్మ నేరుగా ఎదురింట్లోకి వెళ్ళి, నిద్రపోతున్న పసివాణ్ణి ఎత్తుకుని, వార్డుకని బయల్దేరింది. రోడ్డు దాటుతుంటే పట్టుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ వీధిలో అంత పద్ధతిగా బిడ్డని ఎత్తుకునేవాళ్ళు ఇంకొకరు లేరు. కానీ వాడి తల్లికి గుండె ఆగినంత పనైంది. వీధి వీధంతా గుమ్మంలో చేరి చెడామడా తిట్టిపోసింది. వాళ్ళలో సగం మందికి బొడ్డు కోసింది ఈవిడే. ఆ సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే పిచ్చుక అన్నయ్య ఫోన్ చేశాడు. "ఆదివారం కారు తీసుకొస్తాను. అమ్మని ముసలివాళ్ళ హోంలో చేర్పిద్దాం."

పిచ్చుక ఆ హోం ఇదివరకే చూసింది. అటూ ఇటూ తిరిగే ముసలివాళ్ళ చేతుల్ని అక్కడ మంచం పట్టెకి గుడ్డతో కట్టేస్తారు. "వాళ్ళ మంచికేనండీ" అన్నాడు అక్కడి మనిషి, చాలా మర్యాదగా. అమ్మ చేతులు కట్టేస్తే ఇక అమ్మలో మిగిలేదేమీ లేదు.

"ఆదివారానికల్లా అమ్మ కుదురుగా కూర్చుని తింటేనో?" అని అడిగింది.

"తిననీ, చూద్దాం" అన్నాడు అన్నయ్య. తినదని అతనికీ తెలుసు. పురుళ్ళమ్మ ముద్ద ముట్టడమే మానేసింది. గిన్నె పట్టుకెళితే కళ్ళెర్రజేసేది. "లోపల కేసు ఉంది. బిడ్డ బయటపడకుండా నేను తింటూ కూర్చోనా? బుద్ధుందా ఆయా?" ఆ చేతులు ఒళ్ళో ఎప్పుడూ ఏదో వెతుకుతూనే ఉండేవి. దిండుని ఎత్తేవి, దుప్పటి మడిచి చుట్టేవి.

చెకింగ్ బల్ల దగ్గర పక్కన కూర్చునే ఆవిడ, తన మేనత్తకి ఇలాగే ఉంటే ఒక పసిపిల్ల బొమ్మ ఇచ్చాక కుదుటపడిందని చెప్పింది. పిచ్చుక ఆ పూటే బొమ్మల కొట్టుకి పరిగెత్తింది.

"ఇది నవ్వుతుంది, పాట కూడా పాడుతుంది" అంటూ కొట్టాయన ఖరీదైన బొమ్మని ముందుకు తోశాడు.

"ఏడుస్తుందా?"

"ఏడ్చే బొమ్మని డబ్బిచ్చి ఎవరు కొంటారమ్మా? ఇంట్లోవాళ్ళ ఏడుపు చాలకనా?"

పిచ్చుక చవకరకం బొమ్మ తీసింది. తలా, అరచేతులూ, పాదాలూ రబ్బరు. ఒళ్ళంతా గుడ్డ, లోపల దూది. గౌను ఎత్తి కుట్లు చూసింది. చంకల దగ్గర వేలితో లాగింది, ఊడలేదు. కనుగుడ్డుని గోటితో గిల్లింది, కదల్లేదు. వేలు తడిచేసి బుగ్గ మీద రుద్దింది, రంగు అంటలేదు. పొట్ట నొక్కితే ఉండలు తగల్లేదు. పడుకోబెడితే కళ్ళు మూసుకుంది, లేపితే తెరిచింది. చవకదాంట్లో ఇంతకన్నా ఏం కావాలి? చొక్కాని పాస్ చేసినట్టే బొమ్మనీ పాస్ చేసింది. ఆ తెలివికి తర్వాత తల బాదుకుంది.

ఎందుకంటే పురుళ్ళమ్మ బొమ్మల్ని చూసే మనిషి కాదు, బిడ్డల్ని చూసే మనిషి.

అందుకోవడం మాత్రం అద్భుతంగా అందుకుంది. ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి పిరుదుల కింద. ఆ ముఖంలోకి నెలల తర్వాత వెలుగొచ్చింది. పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆ చేతులు ఆగిపోయాయి.

"ఏంటిది, బరువే లేదు? ఒళ్ళు మంచులా ఉంది. ఆయా! వెచ్చటి గుడ్డలు!"

బొమ్మని బల్ల మీద పడుకోబెట్టింది. కాళ్ళూ చేతులూ తోటకూర కాడల్లా వాలిపోయాయి. పురుళ్ళమ్మ వీపు రుద్దింది, అరికాళ్ళ మీద చిటికెలు కొట్టింది, చిటికెన వేలికి గుడ్డ చుట్టి నోరు శుభ్రం చేయబోయింది. "నోరు తెరుచుకోవట్లేదే!" రబ్బరు పెదవుల మీద తన నోరు పెట్టి ఊదింది. మళ్ళీ రుద్దింది, మళ్ళీ ఊదింది. కదిపినప్పుడల్లా బొమ్మ కళ్ళు టపటపా తెరుచుకుని మూసుకుంటున్నాయి. "సిస్టరమ్మా, చాలు, అది బొమ్మ" అని పిచ్చుక చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టింది. ఆవిడ చెమటతో తడిసిపోయి, ఊపిరందక, ఆఖరికి ఆగింది. గుడ్డ తీసి బొమ్మ ముఖం మీద కప్పింది.

"తల్లికి నేను చెప్తాను" అంది నెమ్మదిగా. "నువ్వు చెప్పకు. నీకు చేతకాదు."

ఆ తర్వాత ఇల్లంతా తిరిగింది ఆ తల్లి కోసం. వంటింట్లో, స్నానాలగదిలో, తలుపు వెనక. "ఎక్కడుందమ్మా తల్లి? ఎవరూ చెప్పరేం?" పిచ్చుక గోడకి ఆనుకుని చెవులు మూసుకుంది. జీవితమంతా బిడ్డల్ని నిలబెట్టిన మనిషి చేతుల్లో చచ్చిన బిడ్డని పెట్టానే అని కుమిలిపోయింది. అంత నీచంగా తనకి ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాటికి పురుళ్ళమ్మ ఆ బిడ్డని మరిచిపోయింది గానీ, నోట్లో మంచినీళ్ళు పోసినా ఉమ్మేయడం మొదలుపెట్టింది. ఆదివారం ముంచుకొస్తోంది. ఇంకో దారి ఏదైనా ఉంటే పిచ్చుక ఆ బొమ్మని చెత్తకుప్పలో పడేసేదే. లేదు కాబట్టి సూది తీసింది.

బొమ్మ వీపు కుట్టు విప్పి సగం దూది లాగేసింది. వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర ఇసుక అడిగి తెచ్చి, కడిగి ఆరబెట్టి, చిన్న చిన్న సంచులు కుట్టి పిరుదుల దగ్గరా, తలలోనూ కూరింది. బతికున్న పసిబిడ్డ కాళ్ళూ చేతులూ ముడుచుకుని ఉంటుందని తల్లి భోజనాల దగ్గర వద్దన్నా చెప్పేది. అది గుర్తొచ్చి మోచేతుల దగ్గరా మోకాళ్ళ దగ్గరా లోపలివైపు నాలుగేసి కుట్లు వేసింది. పొట్ట చూస్తే బొడ్డు లేదు. బొడ్డు లేని బిడ్డని పురుళ్ళమ్మ చేతికిస్తే ఇంకేమన్నా ఉందా? దారాన్ని ముడి మీద ముడి వేసి బొడ్డు కుట్టింది. ఇంత పిచ్చిపని లోకంలో ఇంకెవరైనా చేస్తారా అనుకుంటూనే కుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. వీధిలో కారు ఆగే ఉంది. అమ్మ బట్టలు పెట్టుకోవడానికి ఖాళీ సంచీ కూడా వెంట తెచ్చాడు. పిచ్చుక అతనితో మాట్లాడకుండా, వేడినీళ్ళ సంచీ మీద పడుకోబెట్టిన బొమ్మని గుడ్డలో చుట్టి తెచ్చింది.

"సిస్టరమ్మా, బిడ్డ."

పురుళ్ళమ్మ అందుకుంది. చేతుల్లోనే తూచింది. తల ఊపింది. గుడ్డ విప్పి కాళ్ళు సాగదీసింది, వదిలితే అవి మళ్ళీ ముడుచుకున్నాయి. మెడ కింద వేళ్ళు పెట్టి చూసింది. దారపు బొడ్డుని బొటనవేలితో తడిమి, "కాస్త పొట్టిగా కోశారు, పర్వాలేదు" అంది.

"ఏడవదేం?"

పిచ్చుక బొమ్మ వైపు చూసింది.

"ఏడవదేం ఆయా? ఎంతసేపైంది పుట్టి?" ఆ గొంతు మారిపోయింది. చెయ్యి అప్పుడే బిడ్డ వీపు మీదకి వెళ్ళింది. ఆ రోజు పని మళ్ళీ మొదలవబోతోంది.

పిచ్చుక గబుక్కున ఆవిడ వెనక్కి వెళ్ళి, తలుపు చాటున నిలబడి, "ఉంగా... ఉంగా..." అంది.

"సిగ్గులేదా? ఏంటే ఈ నాటకాలు?" అన్నాడు అన్నయ్య.

"పిల్లి దూరింది, తోలండి బయటికి" అంది పురుళ్ళమ్మ. "కాన్పు గదిలో పిల్లులేంటి?"

పిచ్చుక మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి పిల్లి కూత కూడా రాలేదు. చిటికెలు వినబడుతున్నాయి, రబ్బరు పాదాల మీద, ఒకదాని వెంట ఒకటి. "ఏడువు తల్లీ," అంటోంది అమ్మ. "నా బంగారం కదూ, ఒక్కసారి ఏడువు. ఒక్కసారి ఏడిస్తే చాలు, ఇంకెప్పుడూ నిన్ను ఏడవమనను." ఈ మాటలే తనతో కూడా అని ఉంటుంది, పిడికెడుగా ఆవిడ పొట్ట మీద పడున్న రోజున. అన్నయ్య సంచీ విప్పి అమ్మ బట్టలు అందులో పెట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది ఏడుపు. పిచ్చుక పిలిచి తెచ్చుకున్నది కాదు. ఇన్నేళ్ళూ దాచిపెట్టిందంతా ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది. నోరు మూసుకోవాలనుకుంది, చేతకాలేదు. తలుపు పట్టుకుని నేల మీద కూలబడి, వెక్కి వెక్కి, సన్నగా, కిచకిచమని ఏడ్చింది.

చిటికెలు ఆగిపోయాయి.

"ఆఁ," అంది పురుళ్ళమ్మ. "బతికింది."

బిడ్డని గుండెకి హత్తుకుని నవ్వింది. అప్పుడే బల్ల మీదున్న జావ గిన్నె ఆవిడ కంటబడింది. చెంచా తీసుకుని, పని అయిపోయిన మనిషిలా, తనంతట తనే తినడం మొదలుపెట్టింది. అన్నయ్య సంచీ దగ్గరికి లాక్కున్నాడు. మడత పెట్టిన బట్టలు బయటికి తీశాడు. "వచ్చే ఆదివారం వస్తాను" అని గుమ్మం దగ్గర ఆగి, చెల్లెలి వైపు చూడకుండా అన్నాడు. "అప్పటికి కూడా ఇలా తింటేనే ఇక్కడ ఉంచేది." కారు వెళ్ళిపోయింది.

పిచ్చుకకి తెలుసు. రేపటికి అమ్మ ఇదంతా మరిచిపోతుంది. బిడ్డ మళ్ళీ పుట్టాలి, మళ్ళీ ఏడవాలి. రోజూ ఇలా నిజంగా ఏడవడం ఎవరి తరం? రేపు ఏడుపు రాకపోతే ఏంటి గతి? ఆ భయానికి ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఎంత పళ్ళు బిగించినా ఆగలేదు.

పురుళ్ళమ్మ సగం గిన్నె తిని, బిడ్డని ఒళ్ళో వేసుకుని, కుర్చీలోనే వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరవకుండానే విసుక్కుంది.

"ఎవరి బిడ్డమ్మా అది? ఇంతసేపట్నుంచి ఏడుస్తోంటే ఒక్కరూ పట్టించుకోరేం? ఆకలేమో, చూడండి."

పిచ్చుక పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. నేల మీద నుంచి లేచి, అమ్మ మిగిల్చిన గిన్నె దగ్గరికి లాక్కుని, అదే చెంచాతో తినడం మొదలుపెట్టింది.