ముడులు కనిపించని ఊలు

మిల్లు గేటుకు తాళం వేశారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పక్కింటి బూబమ్మ. మొన్న చిలకలూరిపేటలో ఒక కొట్టు ముందు రంగురంగుల ఊలు ఉండలు చూసేసరికి, ఎనభైల నాటి ఆమె కేక మళ్ళీ చెవిన పడినట్లయింది. “అమ్మాయ్, మీ మామ మిల్లు మూసేశారంట! ఎవర్నీ లోపలికి పోనీట్లేదంట!” అన్నం క్యారేజీ చేతబట్టుకుని డ్యూటీకి బయలుదేరబోతున్న మా మామగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

ఆయన పని వైండింగులో. చిన్న కండెల మీది నూలు పెద్ద కండెలకు ఎక్కుతుంటే చూస్తూ ఉండాలి. ఎక్కడైనా దారం లావుగా వస్తే అది తప్పు దారమన్నమాట. ఆ ముక్క తెంపేసి, కొసలు రెండూ కలిపి ముడి వెయ్యాలి. ఇరవై ఏళ్ళు అదే పని. మిల్లు మూశాక ఆయన గడప దాటడం మానేశారు. ఆదివారం మందిరానికి కూడా రాలేదు. “అందరూ ఏం చేస్తున్నావని అడుగుతారమ్మా. ఏం చెప్పను?” అనేవారు. వేళ్ళు మాత్రం ఊరుకునేవి కావు, కండువా అంచు నలుపుతూ ఉండేవి.

నేను బడి మొహం ఎరగను. అక్షరాలు మా అమ్మ బైబిలు ముందు పెట్టి నేర్పితే, అల్లిక పాస్టరమ్మగారు నేర్పారు. ఇద్దరికీ ఈనాటికీ రుణపడే ఉన్నాను. ఒక మధ్యాహ్నం నేను పసిపిల్ల టోపీ అల్లుతూ వరస తప్పి విప్పుతుంటే మామగారు దగ్గరికి జరిగి కూర్చున్నారు. “ఇదంతా ఒకటే దారమా! పడుగు లేదు, పేక లేదు!” అని మళ్ళీ అల్లించారు, మళ్ళీ విప్పించారు. అన్నేళ్ళు నూలు చూసిన మనిషికి అది ఇంత వింతేమిటా అని నాకు వింత. వారం తిరిగేసరికి సూదులు ఆయన చేతిలోకి వెళ్ళాయి. బూబమ్మ గోడ మీదుగా చూసి, “ఏందన్నా, మన ఎండలకి స్వెట్టరు ఎవరికి? సూర్యుడికా?” అంది. “ఆయనకే. కొలత తీసుకురా పో,” అన్నారు మామగారు. మిల్లు మూశాక ఆయన నోట హాస్యం వినడం అదే మొదలు.

అంతలో పాస్టరమ్మగారు, మనవణ్ణి మందిరంలో దేవునికి ప్రతిష్ఠించే రోజుకు చొక్కా అల్లమని ఊలు పంపారు. వాళ్ళ తమ్ముడు ఊటీ నుంచి తెచ్చిందట. సన్నటి దారంలో జానెడుకొకచోట బొద్దుగా బుడిపెలు, అదే దాని సోకు. నేను మిరపకాయలు ఎండబోసి వచ్చేసరికి మామగారి ఒళ్ళో నున్నటి ఉండ, పక్కన చాటెడు ఊలు తుక్కు! “అంతా తప్పు దారమేనమ్మా, పాపం ఆవిణ్ణి ఎవడో మోసం చేశాడు. బాగుచేశాను,” అన్నారు తృప్తిగా.

ఆ బుడిపెలే దాని అందమని చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. నేను వెళ్ళి చెబుతానంటే వినలేదు. “తెంపింది నేను. నేనే చెప్పాలి,” అని కండువా భుజాన వేసుకుని గడప దాటారు. వెనకే నేను, లోపల ప్రార్థించుకుంటూ.

పాస్టరమ్మగారు అంతా విని, ఉండ చేతిలోకి తీసుకుని బారెడు దారం లాగి, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమారు. “ముడులేవండీ?”

“ఉన్నాయండి. తగలకూడదు. తగిలితే మా సూపర్‌వైజరు ఊరుకునేవాడు కాదు.”

ఆవిడ పకపకా నవ్వారు. “నా ఊలు పాడుచేసినందుకు శిక్ష వెయ్యొద్దూ? బుధవారం అల్లిక క్లాసుకు రండి. మా ఆడపిల్లలు వేసే ముళ్ళు రేగుపళ్ళంత ఉంటున్నాయి.”

బుధవారం వెళ్ళారు. ఆ వచ్చే ఆదివారం మందిరంలో మగవాళ్ళ వైపు రెండో వరసలో కూర్చున్నారు. ఏం చేస్తున్నావని ఎవరో అడిగితే, “ఆడపిల్లలకు ముళ్ళు నేర్పుతున్నా,” అనడం నా చెవులారా విన్నాను. దేవునికి స్తోత్రం.

మా ఇంటి నుంచి పాస్టరమ్మగారింటికి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు నడవడానికి ఆయనకు ఏడు నెలలు పట్టింది. గడియారం ఎవరి కాలాన్ని కొలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివినవారు ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా మామగారిని ఒక్కసారి తలచుకోండి.